కారవాన్ రాత్రికి ఎక్కడ ఆగాలి? నా ఓటు ఫంక్షన్ హాలుకే

మేం కాశీ వెళ్ళొచ్చి నెలలు గడిచాయి. మా బావమరిది మాత్రం ఇంటికి ఎవరొచ్చినా ఇప్పటికీ అదే మాట. "బావ మమ్మల్ని కాశీకి తీస్కపోలేదండీ, ఫంక్షన్ హాళ్ళకు తీస్కపోయిండు." అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ నేను చేసిందే రైటని నా గట్టి నమ్మకం. ఇంట్లో నా వాదన చివరిదాకా వినే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పోయిన డిసెంబర్ మూడోవారంలో ఒక కారవాన్ అద్దెకు తీసుకుని హైదరాబాద్‌లోని అల్వాల్ నుంచి కాశీకి బయల్దేరాం. నేను, మా ఆవిడ, పదేళ్ళ మా అమ్మాయి, అత్తమ్మ, బావమరిది, బండితోపాటు వచ్చిన డ్రైవరన్న. కారవాన్ అనగానే మనవాళ్ళకు సినిమా షూటింగులే గుర్తొస్తాయి. దారి పొడుగునా టీ కొట్ల దగ్గర "లోపల ఏ హీరో ఉన్నడన్నా?" అని అడిగినవాళ్ళను లెక్కపెట్టడం మా అమ్మాయికి ఆటైపోయింది. లోపల ఉన్నది మోకాళ్ళకు హీటింగ్ ప్యాడ్ కట్టుకున్న మా అత్తమ్మ.

బండి నిజానికి ఫోర్స్ ట్రావెలరే. సీట్లు తీసేసి పడకలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, అగ్గిపెట్టెంత బాత్‌రూమ్ పెట్టారు. చూడ్డానికి వెళ్ళినరోజు అందరూ పరుపులు నొక్కి చూశారు. నేను బ్యాటరీ మీద రాసింది చదివాను. 12 వోల్టులు, 200 యాంపియర్ అవర్. రెంటినీ గుణిస్తే 2,400. అంటే నిండా చార్జింగ్ ఉన్నా రెండున్నర యూనిట్ల కరెంటు కూడా లేదు. ఏసీ గంటకు ఒక యూనిట్ తాగినా, నిద్ర పట్టేలోపే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. చలికాలం కాబట్టి ఏసీ గొడవ లేదు గానీ ఫ్రిజ్, నీళ్ళ మోటారు, లైట్లు, ఆ హీటింగ్ ప్యాడ్ ఉన్నాయి. నీళ్ళ ట్యాంకు 100 లీటర్లు. ఇంట్లో ఒక్కరు స్నానం చేస్తే రెండు బకెట్లు అవుతాయి, మేం ఆరుగురం. టాయ్‌లెట్ కింద సూట్‌కేసులాంటి డబ్బా ఒకటి ఉంటుంది. రోజుకోసారి దాన్ని ఎక్కడైనా మంచి టాయ్‌లెట్లో ఒంపి కడగాలి. ఆ పని గురించి అద్దెకిచ్చినాయన చివర్లో, తాళాలు చేతికిచ్చాక చెప్పాడు.

ఈ లెక్కలన్నీ చూశాక నాకు అర్థమైందేమిటంటే, మా ప్రయాణం పగటిపూట రోడ్డు మీద కాదు, సాయంత్రం 4 నుంచి 6 మధ్యలో తేలుతుంది. ఆ రెండు గంటల్లో నీళ్ళు, కరెంటు, టాయ్‌లెట్, గేటు ఉన్న చోటికి చేరామా లేదా అన్నదే అసలు సంగతి. మిగతాదంతా రోడ్డు చూసుకుంటుంది.

బావమరిది లెక్క వేరు. హైదరాబాద్ నుంచి నాగపూర్ 500 కిలోమీటర్లు, నేషనల్ హైవే 44, నాలుగు లేన్లు. మొదటి రాత్రికే నాగపూర్ కొట్టేద్దామన్నాడు. సరిగ్గా అప్పుడే డల్లాస్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, అక్కడి ఆర్వీల వాళ్ళ, అంటే ఇలాంటి ఇంటి బండ్ల వాళ్ళ, సూత్రం ఒకటి చెప్పాడు. దాన్ని 3-3-3 అంటారు. రోజుకు 300 మైళ్ళు మించకూడదు, మధ్యాహ్నం 3 కల్లా ఆగిపోవాలి, ఆగిన చోట 3 రాత్రులుండాలి. బావమరిది వెంటనే ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాడు. "300 మైళ్ళంటే 480 కిలోమీటర్లు. అమెరికా రూలు గూడ నాగపూరే అంటుంది చూడు బావా!"

అమెరికాలో క్యాంప్‌గ్రౌండుకు వెళ్తే కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం మూడూ తెచ్చి బండికి తగిలించుకోవచ్చు. కేఓఏ అనే సంస్థ 1962 నుంచీ అదే వ్యాపారంలో ఉంది. మన దగ్గర కేరళ 2021లో కారవాన్ టూరిజానికి పాలసీ తెచ్చింది, వాగమన్‌లో పార్కు కూడా వచ్చింది. మేం వెళ్ళిన దారిలో అలాంటిది ఒక్కటీ మా కంట పడలేదు. ఇక వేగం సంగతి. టీలు, టోల్‌గేట్లు, అత్తమ్మ కాళ్ళు చాపుకునే విరామాలు అన్నీ కలిపితే మా బండి సగటు గంటకు 45 దాటలేదు. ఆ లెక్కన 480 కిలోమీటర్లంటే పదిన్నర గంటలు. డ్రైవరన్న కూడా మనిషే. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చేసిన చట్టం రోజుకు 8 గంటల పని అంది, నేను దాన్ని 6 చేశాను. రోజుకు 250 కిలోమీటర్లు, సాయంత్రం 4 కల్లా ఆగిపోవడం. ఇంకో షరతు కూడా పెట్టాను: రాత్రి ఎక్కడ ఆగాలన్నది మధ్యాహ్నం అన్నం తిన్న చోటే తేల్చేయాలి. సాయంత్రం అయితే ఒళ్ళు అలిసిపోయి, కనిపించిన ప్రతి చెట్టూ మంచి చెట్టులాగే కనిపిస్తుంది.

మొదటి రాత్రి ఇంటికి దగ్గర్లోనే ఉండాలన్నది కూడా నా పట్టుదలే. దానికి కారణం చెప్తాను, ముందు ఏం జరిగిందో వినండి. పొద్దున 6కి అనుకున్నది 10:30కి కదిలాం. కొంపల్లి, మేడ్చల్ దాటేసరికే ఉసూరుమన్నాం. కామారెడ్డి దగ్గర భోజనం చేస్తుంటే, రోడ్డు అవతల పెద్ద ఫంక్షన్ హాలు గేటుకు తాళం వేసి కనిపించింది. అప్పుడు వెలిగింది. ధనుర్మాసం! సంక్రాంతి దాకా ముహూర్తాలు లేవు. దారిపొడుగునా ఎకరాలకెకరాలు ప్రహరీలు కట్టి, బోర్లు వేసి, జనరేటర్లు పెట్టి, వాచ్‌మన్లను కూర్చోబెట్టి, నెల రోజులు ఖాళీగా పెట్టుకున్న జాగాలు. పెళ్ళికి వందల బండ్లు పట్టే చోట మా ఒక్క బండి ఒక లెక్కా?

కామారెడ్డి మరీ దగ్గరని నిర్మల్ దాకా వెళ్ళాం. అల్వాల్ నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు. 4 దాటిన కాసేపటికి ఊరి శివార్లలో ఒక హాలు ముందు ఆగి, ఆర్చీ మీద "బుకింగ్ కొరకు సంప్రదించండి" అని రాసిన నంబరుకు ఫోన్ చేశాను.

"పెండ్లా, బారసాలనా?"

"ఏం లేదన్నా. మా కారవాన్ లోపల పెట్టుకొని రాత్రి పండుకుంటం. పొద్దుగాల పోతం."

కాసేపు మాట లేదు. తర్వాత వరసగా ప్రశ్నలు. ఎంతమంది, ఆడోళ్ళున్నారా, ఎక్కడినుంచి, మందు తాగుతారా. చివరికి 800 రూపాయలకు ఒప్పుకున్నాడు, వాచ్‌మన్‌కు 100 వేరుగా.

ఆ రాత్రి ఎలా గడిచిందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా బావమరిది ఎగతాళి చేసేది దీన్నే. బండిని వెనక, గిన్నెలు కడిగే గచ్చు మీద పెట్టాం. డ్రైవరన్న ముందు వెనక్కి తిప్పి, మూతి గేటువైపు ఉండేలా పెట్టాడు. "కొత్త జాగల బండి ఎప్పుడైనా పోయేటట్టే పెట్టాలె సార్" అన్నాడు. తర్వాత మా ఆవిడ స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి పొయ్యి పక్కన పెట్టింది. నీళ్ళు ఒకవైపు చేరితే బండి వాలుగా ఉన్నట్టు. తలవైపు వాలితే పొద్దున అందరికీ తలనొప్పే. నీళ్ళు కదల్లేదు. వేలమంది ఎంగిలి గిన్నెలు కడిగిన గచ్చు అంత చదునుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. పక్కనే నల్లా. జనరేటర్ గది గోడకు 15 యాంపుల ప్లగ్గు. పెళ్ళికూతురు గది తాళం తీసిచ్చారు, అందులో వేడినీళ్ళ గీజరు, మంచి టాయ్‌లెట్. డ్రైవరన్నకు వంటవాళ్ళ గదిలో మంచం. లోపల స్టేజీ మీద రాజా రాణి కుర్చీలకు దుప్పట్లు కప్పి ఉన్నాయి, వెనక థర్మాకోల్ మీద ఎవరివో రెండు పేర్లు, సగం ఊడిపోయి. మా అమ్మాయి దుప్పటి తీసి రాణి కుర్చీలో కూర్చుని హోంవర్క్ చేసుకుంది.

మొదటి రాత్రి దగ్గర్లో ఎందుకో ఇప్పుడు చెప్తాను. 7 గంటలకు మోటారు పనిచేయడం మానేసింది. ట్యాంకు నిండా నీళ్ళు, నల్లాలో చుక్క రాదు. ఫ్యూజు పోయింది. డ్రైవరన్న ఆటో ఎక్కి నిర్మల్ బజారుకు పోయి 20 రూపాయలకు ఫ్యూజు తెచ్చాడు. అగ్గిపెట్టె మర్చిపోయాం, అదీ తెచ్చాడు. కొత్త బండిలో మొదటి రాత్రి ఏదో ఒకటి చెడుతుంది, ఏదో ఒకటి మర్చిపోతాం. అది మన భాష మాట్లాడే ఊళ్ళో, కొట్లు తెరిచుండగా జరిగితే 20 రూపాయలతో పోతుంది. నాగపూర్ ఔటర్‌లో రాత్రి 10కి జరిగి ఉంటే?

రెండో రోజు పగ్గాలు బావమరిదికి ఇచ్చాను. ఇవ్వక తప్పలేదు, "ఒక్కరాత్రన్నా కారవాన్ లెక్క బతుకుదాం" అని మా అమ్మాయిని కూడా తనవైపు తిప్పుకున్నాడు. నేరేడిగొండ దగ్గర దిగి కుంటాల జలపాతం చూశాం, ఆదిలాబాద్‌లో ఆలస్యంగా తిన్నాం, పెన్‌గంగ వంతెన దాటేసరికి పొద్దు వాలింది. పత్తి బండ్లు రోడ్డెక్కాయి. ట్రాలీకి రెండింతల వెడల్పున పత్తి, వెనక ఎర్ర లైటు ఉంటే అదృష్టం. చీకట్లో వాటి వెనక వెళ్ళడం కంటే ఆగడమే నయమనిపించింది. పాండర్‌కవడా ఇవతల మట్టిదారి పట్టుకుని లోపలికి వెళ్తే చెరువు, గట్టు మీద తుమ్మచెట్లు, ఆకాశం నిండా రంగులు. "ఇది కదా బావా జాగ" అన్నాడు. నిజం చెప్పొద్దూ, జాగా అద్భుతం.

నల్లరేగడి. పైపొర ఎండి, చూడ్డానికి గట్టిగా ఉంది. పక్క చేనుకు పెట్టిన తడి కింద ఇంకి ఉందని మాకేం తెలుసు? రాత్రి ఎప్పుడో అత్తమ్మ లేచింది. "ఏంది బిడ్డా, నా తల కిందికి పోతున్నట్టుంది?" లైటేసి చూస్తే పొయ్యి పక్కన పళ్ళెంలో నీళ్ళు ఒక అంచుకు చేరాయి. చూస్తుండగానే ఒలికాయి. వెనక ఎడమ చక్రం ఇరుసు దాకా మట్టిలోకి దిగిపోయింది. అదే సమయానికి హెడ్‌లైటు వేసుకుని ఒక మోటార్ సైకిల్ వచ్చి మా ముందు ఆగింది. మా ఆవిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే పొద్దునదాకా గాజుల అచ్చు పోలేదు. వచ్చినవాళ్ళు దొంగలేం కాదు, ఆ చేను వాళ్ళదే. తమ పొలంలో చెప్పాపెట్టకుండా ఇంత బండి పెట్టుకుని పడుకున్నదెవరో చూడ్డానికి వచ్చారు. ఆ రాత్రి అడగకుండా దూరింది మేమే. పొద్దున వాళ్ళ నాన్న ట్రాక్టరు కట్టి లాగాడు, 1,500 తీసుకున్నాడు, తర్వాత ఇంటికి పిలిచి టీ ఇచ్చాడు. ఆయనకు తెలుగు వచ్చు.

ఆ రాత్రి గురించి మా ఇంట్లో రెండు కథలున్నాయి. నా కథలో అది మూర్ఖత్వం. మా అమ్మాయి స్కూల్లో రాసిన వ్యాసంలో మాత్రం కాశీ మూడు లైన్లు, ఆ చెరువు, ట్రాక్టరు రెండు పేజీలు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

మాకు దాదాపు 200 ఏళ్ళ కింద, 1830లో, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే అనువాదకుడిగా, పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి ఈ దారినే వెళ్ళాడు. హైదరాబాద్, నిర్మల్, నాగపూర్, జబల్పూర్. వందమంది దాకా పరివారం, పల్లకీ, డేరాలు. దారిలో మజిలీ మజిలీకి ఆయన రాసుకున్న సంగతుల్లో పదేపదే వచ్చేవి ఇవే: దారి ఎలా ఉంది, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా. ఆయనకు డేరా ఉన్నా ఊరు కావాల్సి వచ్చింది. మన హైదరాబాద్‌లో కార్వాన్ అని ఏకంగా ఒక పేటే ఉంది. గోల్కొండకు సరుకులు తెచ్చే బిడారులు దిగిన చోటు కాబట్టి ఆ పేరు. ఎడ్లు, ఒంటెలు, గుర్రాలు ఉన్నవాళ్ళు కూడా గోడ, బావి, మనుషులు ఉన్న చోటే ఆగారు. బ్యాటరీ ఉంది కదా అని అడవిలో పడుకోవాలన్న సరదా మనకే వచ్చింది.

మూడో రాత్రి నాగపూర్ దాటాక ఒక పెద్ద పెట్రోలు బంకులో పడుకున్నాం. లారీవాళ్ళకు అలవాటైన బంకులు మంచివే. లైట్లుంటాయి, రాత్రంతా మనుషులుంటారు, డీజిల్ కొట్టించుకుంటే మేనేజర్ కాదనడు. కానీ అక్కడ పొయ్యి వెలిగించకూడదు. ఇది మాకు తట్టలేదు. అత్తమ్మ ఉప్మాకు ఉల్లిపాయలు తరిగి అగ్గిపుల్ల గీసిందో లేదో, బంకు కుర్రాడు చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఆ ఉల్లిపాయలు మర్నాడు పెంచ్ అడవి దాటాక సివనీ దగ్గర ఉప్మా అయ్యాయి. ఆ అడవి దగ్గర జంతువులు కిందనుంచి పోవడానికి హైవేనే పైకెత్తి కట్టారు. అడవిలో ఎవరి దారి వాళ్ళకుండాలి, రాత్రి మన పడక అక్కడ ఉండకూడదు.

భేడాఘాట్‌లో టూరిజం హోటల్ ఆవరణలో ఒక రాత్రి. ఫర్వాలేదు, ఖర్చు ఎక్కువ. రీవాలో మళ్ళీ నా దారికొచ్చాం. మధ్యప్రదేశ్‌లో ఫంక్షన్ హాలును మ్యారేజ్ గార్డెన్ అంటారు. గేటు కొట్టి మా ఆవిడ తన హిందీలో సంగతి చెప్తే, ముసలి వాచ్‌మన్ నవ్వి "ఖర్‌మాస్ హై, సబ్ ఖాలీ హై" అన్నాడు. వాళ్ళ ఖర్‌మాసం, మన ధనుర్మాసం ఒకటే, సూర్యుడు ధనూరాశిలో ఉండే నెల. వాళ్ళకూ పెళ్ళిళ్ళుండవు. వెయ్యి కిలోమీటర్లు వచ్చినా నా సూత్రం పనిచేస్తున్నందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. డిసెంబర్ చివర్లో హైదరాబాద్‌లో 5:45 ప్రాంతంలో పొద్దు గూకుతుంది. కాశీలో 5:15 కల్లా అయిపోతుంది. ఉత్తరానికి, తూర్పుకి పోయేకొద్దీ సాయంత్రం మన చేతిలోంచి అరగంట జారిపోతుంది. పొద్దున అరగంట ముందు బయల్దేరి దాన్ని పూడ్చుకుందామంటే గంగా మైదానంలో పొగమంచు. రీవా నుంచి కాశీ 240 కిలోమీటర్లే, ఒక్క రోజు పని. కానీ పొగమంచు విడిచేసరికి 9:30 దాటింది. మధ్యలో హనుమనా దాటాక ఘాట్ రోడ్డు. చీకట్లో బనారస్ ట్రాఫిక్‌లోకి ఇంత బండితో దూరడం కంటే మీర్జాపూర్ దగ్గరే ఆగుదామన్నాను. "60, 70 కిలోమీటర్లకు ఒక రాత్రా?" అని బావమరిది తల కొట్టుకున్నాడు. ఆగాం. మర్నాడు కాశీ బయటే బండి పెట్టి, ఈ-రిక్షాల్లో లోపలికి వెళ్ళాం. ఆ గల్లీల్లో ట్రావెలర్ కాదుగదా, మా అత్తమ్మ చేతికర్ర, ఎదురొచ్చే ఎద్దు కలిసి పట్టవు.

"ఇంత తిప్పలకు దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి దిగేవాళ్ళం కదా" అంటారు కొందరు. నిజమే, ఎక్కండి. తొందరున్నవాళ్ళకు రైలే మంచిది. కారవాన్ తీసుకుని, తొందరపడి, మళ్ళీ స్వేచ్ఛ కావాలనేవాళ్ళతోనే నా గొడవ. స్వేచ్ఛ పగలు తీసుకోండి. నర్మద ఒడ్డున భోజనానికి మూడు గంటలు ఆగాం, ఎవరూ ఏమీ అనలేదు. రాత్రి ఎలాగూ కర్టెన్లు వేసుకుని పడుకుంటాం, బయట చెరువున్నా గిన్నెలు కడిగే గచ్చున్నా లోపల కనిపించేది ఒకటే సీలింగు. మా ఆవిడ దీన్ని ఇంకా సూటిగా చెప్పింది. "రాత్రి రెండింటికి నేను ఒక్కదాన్ని కిందికి దిగగలిగే చోటైతేనే ఆపు." ఆమె వీటో చేసిన చోట్లు నాలుగు. ఒక్కదాని గురించి కూడా నాకు బాధలేదు.

ఈ వేసవికి మావాళ్ళు వయనాడ్ అనుకుంటున్నారు. బందీపూర్ అడవి రోడ్డుకు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు పడుతుంది, మన శ్రీశైలం దారిలో మన్ననూరు లాగే. అందుకని గుండ్లుపేటలో ఒక రాత్రి ఆగాలని రాసుకున్నాను. తర్వాత పంచాంగం తీసి చూస్తే వైశాఖమంతా ముహూర్తాలే. ఒక్క హాలూ ఖాళీ ఉండేలా లేదు. మొన్న ఆదివారం ఇదే చెప్తే మా బావమరిది తినేది ఆపి నవ్వాడు.

"మరి ఇంకేంది బావా, ఈసారి గేటు తీసే ఉంటది. అన్నం గూడ పెడ్తరు."